కారుకు సెకండ్ హ్యాండ్ ఇంపోర్టెడ్ ఇంజన్ వేయించాలనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత లాన్సర్లు, మొదటి తరం హోండా సిటీలు, జిప్సీలు, కాంటెస్సాలు, క్వాలిస్‌లు శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని అమ్మడానికి మనసొప్పనివాళ్లు మా షెడ్డుకొచ్చో, ఫోన్లోనో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే జవాబులు ఒకచోట రాసిపెట్టాం. కొన్ని జవాబులు మీకు నచ్చకపోవచ్చు. డబ్బు చేతులు మారాక చెబితే ఉపయోగం లేదు కాబట్టి ముందే చెబుతున్నాం.

ఇంజన్ పని చేయిస్తే సరిపోదా? మొత్తం మార్చడం ఎందుకు?

చాలా బండ్లకు సరిపోతుంది. నీలం పొగ వస్తోంది, ఆయిల్ తాగుతోంది, పికప్ పోయింది అన్నంత మాత్రాన ఇంజన్ పారేయక్కర్లేదు. బ్లాకు, క్రాంకు బాగుంటే లేత్‌లో బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు, రింగులు, కొత్త బేరింగులు వేస్తే బండి మళ్లీ దారిలో పడుతుంది. మారుతి 800, ఎస్టీమ్, జిప్సీలకు సామాను ఇప్పటికీ దొరుకుతోంది. వాటికి బయటి దేశం ఇంజన్ వెతకడం మా దృష్టిలో దండగ.

కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకును పొడుచుకుని బయటికొచ్చిందనుకోండి, అప్పుడు వేరే దారి లేదు. క్రాంకు ఇప్పటికే రెండు మూడుసార్లు గ్రైండింగ్‌కు వెళ్లి, ఇక తీయడానికి ఏమీ మిగలకపోయినా అంతే. ఎక్కువమంది మాత్రం సామాను దొరక్క వస్తారు. పిస్టన్ సెట్టు కోసం నాలుగు ఊళ్లు తిరిగి, దొరికిన హెడ్డు గ్యాస్కెట్ సరిపోక, చివరికి ఇంజనే మార్చేద్దాం అనుకుంటారు. ఆ విసుగు మాకు అర్థమవుతుంది.

అయినా ముందు మీ బండిలో ఉన్న ఇంజన్‌కు కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకున్నప్పుడు వచ్చే ఒత్తిడి) చూపించి, అంకెలు కాగితం మీద రాయించుకోండి. వేడెక్కుతోందని ఇంజన్ మార్చడానికి వచ్చిన బండ్లలో కొన్ని రేడియేటర్ శుభ్రం చేసి, ఫ్యాన్ స్విచ్ మారిస్తే బాగుపడినవే.

జపాన్‌లో 50 వేల కిలోమీటర్లు తిరగగానే ఇంజన్ తీసేయాలని చట్టం ఉందట కదా?

అలాంటి చట్టం లేదు. అమ్మేవాళ్లు తరతరాలుగా చెబుతున్న కథ ఇది. అక్కడ ఉన్నది షాకెన్ అనే తప్పనిసరి తనిఖీ. కొత్త సొంత కారుకు మొదటిసారి మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి చేయించాలి. బండి పాతబడేకొద్దీ పన్ను, రిపేరు, తనిఖీ కలిపి ఖర్చు పెరుగుతుంది. దాంతో చాలామంది బాగా నడుస్తున్న బండినే వదిలించుకుంటారు. అవి విదేశాలకు ఎగుమతి అవుతాయి, లేదా విడగొట్టి సామానుగా అమ్ముడవుతాయి.

కాబట్టి అక్కడి నుంచి మంచి ఇంజన్లు రావడం నిజమే. అయితే వచ్చిన ప్రతిదీ 50 వేలే తిరిగిందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. కిలోమీటర్ల లెక్క ఉండేది మీటర్లో. మీటరు డాష్‌బోర్డుతో పాటు ఎక్కడో ఉండిపోయింది. మీ ముందున్నది ఇనుము, అల్యూమినియం. దానికి నోరు లేదు. అందుకే అమ్మేవాడు చెప్పిన కిలోమీటర్లను లెక్కలోకే తీసుకోకండి, గేజీ చూపించే ప్రెషర్‌ను బట్టి బేరం ఆడండి. ఈ పేజీలో మిగిలిందంతా దాదాపు ఈ మాటకు వివరణే.

లాంగ్ బ్లాక్, ఫుల్ ఇంజన్, హాఫ్ కట్ అంటారు. దేనికి తేడా ఏంటి?

లాంగ్ బ్లాక్ అంటే హెడ్డు, బ్లాకు, ఆయిల్ చాంబర్ మాత్రమే. ఫుల్ ఇంజన్ అంటే దాంతోపాటు ఇన్‌టేక్, ఇంజెక్టర్లు, డైనమో, సెల్ఫ్ మోటార్, ఒక్కోసారి గేర్‌బాక్సు. హాఫ్ కట్ అంటే బండిని మధ్యకు కోసి పంపిన ముందు భాగం మొత్తం. అందులో ఇంజన్, గేర్‌బాక్సు, వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), రేడియేటర్, యాక్సిళ్లు, పెడళ్లు అన్నీ వస్తాయి.

లాంగ్ బ్లాక్ చవగ్గా కనిపిస్తుంది. మీ పాత ఇంజన్ మీదున్న ఇన్‌టేక్, సెన్సర్లు దానికి యథాతథంగా కూర్చుంటాయని మెకానిక్ గట్టిగా చెబితే తప్ప అటు పోకండి. తక్కువైన ఒక్కో సెన్సర్‌నూ, బ్రాకెట్‌నూ విడిగా కొనుక్కుంటూ పోతే ఫుల్ ఇంజన్ ధర దాటిపోతుంది.

చట్టం ఒప్పుకుంటుందా? మా ఊళ్లో ఎవరూ పట్టించుకోరు కదా?

పట్టించుకోనన్నాళ్లు ఎవరూ పట్టించుకోరు. ఎచ్చెర్ల దగ్గర హైవే మీద చిన్న యాక్సిడెంట్ అయి, ఇన్సూరెన్స్ సర్వేయర్ బానెట్ ఎత్తి ఇంజన్ నంబరు చూసిన రోజు అందరూ పట్టించుకుంటారు.

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కేంద్ర నిబంధనలైనా చట్టానికి లోబడే ఉండాలంది. అదే ఏడాది చేసిన సవరణతో సెక్షన్ 182ఎ వచ్చింది. చట్టం ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

ఇక మీ పనికి వచ్చే మాట. అదే కంపెనీ, అదే రకం ఇంజన్‌ను పాతదాని స్థానంలో వేసి, కొత్త నంబరును ఆర్‌సీలో ఎక్కించుకోవడానికి దారి ఉంది. రవాణా శాఖ ఆఫీసులో ముందుగా అనుమతి తీసుకోవడం మేలు. అనుమతి లేకుండానే ఇంజన్ మార్చాల్సి వస్తే 14 రోజుల్లోగా ఆ సంగతి అదే ఆఫీసుకు తెలియజేయాలని సెక్షన్ 52 చెబుతోంది. బండి మీద లోను ఉంటే బ్యాంకుకు చెప్పకుండా మొదలుపెట్టకండి.

1.5 లీటర్ల బండికి 2 లీటర్ల టర్బో వేస్తే ఎలా ఉంటుందని కుర్రాళ్లు అడుగుతుంటారు. ఎలా ఉంటుందో మాకూ తెలుసు, సరదాగానే ఉంటుంది. ఆ బండి రోడ్డు మీదికి రాకూడదు. మేం ఆ పని చేయం.

బిల్లు చాలదా? ఇంకేం కాగితాలు అడగాలి?

ఇంజన్ నంబరు రాసి ఉన్న జీఎస్టీ బిల్లు ముందు. 'ఇంజన్ 1' అని రాసిన బిల్లు చెల్లని కాగితంతో సమానం. నంబరు, కోడు, అమ్మిన షాపు జీఎస్టీ నంబరు మూడూ ఉండాలి. రెండోది బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ. ఏ ఓడరేవు నుంచి వచ్చినా కస్టమ్స్‌లో సరుకు విడిపించినప్పుడు ఆ కాగితం పుడుతుంది. యంత్ర పరికరాల కోవలోకి రాని పాత వస్తువుల దిగుమతి మన దేశంలో పరిమితుల కింద ఉంది, దానికి డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) అనుమతి కావాలి. సరిగ్గా తెచ్చినవాడు కాపీ ఇవ్వడానికి వెనకాడడు. 'అవన్నీ మీకెందుకు సార్' అన్నాడంటే, ఆ ఇంజన్ కంటెయినర్లో వచ్చిందో, రాత్రికి రాత్రి ఎవరి బండిలోంచో వచ్చిందో ఆలోచించుకోండి.

నంబరు చెక్కిన చోట వేలితో తడిమి చూడండి. కంపెనీలో కొట్టిన నంబరు చుట్టూ పోత గరుకుగానో, మిషను చేసిన చదునుగానో ఒకేలా ఉంటుంది. గ్రైండర్ పెట్టి ఉంటే ఆ చదరం మాత్రమే మెరుస్తూ, ఒకవైపు గీతలతో, పక్కకన్నా కాస్త లోతుగా తగులుతుంది. అంకెలు వంకరటింకరగా, ఒకటి లోతుగా ఒకటి పైపైన ఉన్నా అనుమానమే. సెల్‌ఫోన్ టార్చి అడ్డంగా వేసి చూస్తే నీడల్లో తెలిసిపోతుంది. దొంగబండ్ల వివరాలు ఇంజన్ నంబరుతో వెతికేందుకు ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వాళ్ల వాహన్ సమన్వయ్ ఉంది. అడ్వాన్సు ఇచ్చే ముందు అందులో ఒకసారి కొట్టి చూడండి. ఛాసిస్ నంబరుకు తీసినట్టే, ఇంజన్ నంబరుకూ పెన్సిల్ ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర పనికొస్తుంది.

ఇంజన్ కోడు చూసి ఏం తెలుసుకోవచ్చు?

చాలా తెలుస్తుంది. టొయోటా తీసుకోండి. 1జెడ్‌జెడ్-ఎఫ్ఈ అంటే ముందున్న 1 ఆ కుటుంబంలో ఎన్నోదో చెబుతుంది, జెడ్‌జెడ్ కుటుంబం పేరు. గీత తర్వాత ఎఫ్ అంటే మైలేజీ కోసం చేసిన ట్విన్ క్యామ్ హెడ్డు (వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టులు రెండు ఉన్నది), ఈ అంటే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్. ఎఫ్ బదులు జీ ఉంటే పవర్ కోసం చేసిన హెడ్డు. టి ఉంటే టర్బో. మిత్సుబిషి 4జీ15లో 4 సిలిండర్ల సంఖ్య, జీ అంటే పెట్రోలు, 15 ఆ ఇంజన్ కుటుంబాన్ని, అందులో రకాన్ని చెబుతుంది. 4డీ68లో డీ అంటే డీజిల్ అని మీరే చెప్పగలరు.

ఇంతవరకు తేలికే. చిక్కు ఎక్కడంటే, కోడు ఒకటే అయినా లోపల వేరే ఉండొచ్చు. హోండా డీ15బీ పేరుతో జపాన్‌లో కార్బొరేటర్‌ది, ఇంజెక్షన్‌ది, వీటెక్‌ది (వాల్వులు తెరుచుకునే తీరును మార్చుకునేది) వచ్చాయి. సుజుకి జీ13 కుటుంబంలో మన జిప్సీలో ఉన్నది సింగిల్ క్యామ్, విదేశీ స్విఫ్ట్ జీటీఐలో వచ్చిన జీ13బీ ట్విన్ క్యామ్. పేర్లో అక్షరం తేడానే, పని మాత్రం పూర్తిగా వేరు. ఫోన్లో 'అదే ఇంజన్ సార్' అంటే నమ్మకండి. కోడు స్పష్టంగా కనిపించే ఫొటో, ఇన్‌టేక్ వైపు ఫొటో, గేర్‌బాక్సు కలిసే వెనక భాగం ఫొటో తెప్పించి, మీ బండి ఇంజన్ పక్కన పెట్టి చూసుకోండి. హౌసింగ్ బోల్టుల రంధ్రాలు కలవకపోతే మిగతా మాటలన్నీ వృథా.

షాపుకు వెళ్లాక ఇంజన్‌ను ఎలా పరీక్షించాలి?

ఎద్దును కొనేటప్పుడు పళ్లు పట్టి చూసినట్టే, సిగ్గుపడకుండా అన్నీ విప్పించి చూడాలి. విప్పనివ్వనివాడి దగ్గర కొనొద్దు. మీ మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఆయన రోజు కూలీ, బస్సు ఛార్జీలు, భోజనం ఖర్చు పెట్టుకోవడానికి వెనకాడేవాళ్లు తర్వాత పెట్టే ఖర్చు ముందు అదెంత?

మొదట క్రాంకు పుల్లీ బోల్టుకు సాకెట్ పెట్టి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ప్లగ్గులు తీసి ఉంటే సాఫీగా, ఒకే బరువుతో తిరగాలి. ఎక్కడైనా పట్టేసినా, గరగర అన్నా వదిలేయండి. అదే పుల్లీని ముందుకూ వెనక్కూ లాగి చూడండి. టక్ టక్‌మని కొట్టుకుంటుంటే థ్రస్ట్ బేరింగ్ పోయినట్టు.

ఆయిల్ మూత తీసి అడుగున చూడండి. పాల మీగడలా తెల్లటి నురగ ఉంటే నీళ్లు ఆయిల్లో కలిశాయేమో అనుమానించాలి. అయితే ఒట్టి చెమ్మకు కూడా మూత వరకు అలా పట్టొచ్చు. అందుకే అక్కడితో తీర్పు చెప్పేయకుండా ట్యాపెట్ కవర్ విప్పించండి. అసలు కథ అక్కడుంటుంది. వేళకు ఆయిల్ మార్చిన ఇంజన్‌లో క్యాములు, రాకర్లు లేత తేనె రంగులో ఉంటాయి, గోరుతో గీస్తే ఏమీ రాదు. ఆయిల్ మార్చకుండా తోలిన ఇంజన్‌లో నల్లటి జిడ్డు గడ్డకట్టి మూలల్లో పేరుకుని ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో గీస్తే తారులా వస్తుంది. క్యామ్ ముక్కుల మీద వేలు పెట్టి జరిపి చూడండి. గాజులా నున్నగా ఉండాలి. గీతలు, గుంటలు తగిలితే ఆయిల్ సరిగ్గా అందలేదన్నమాట. బయట ఎంత తళతళలాడినా పట్టించుకోకండి. డీజిల్‌తో కడిగి వెండి రంగు స్ప్రే కొట్టడానికి గంట పట్టదు.

ఆయిల్ చాంబర్ బోల్టు తీసి కొద్దిగా ఆయిల్‌ను తెల్లగుడ్డ మీద పట్టండి. ఎండలో మిణుకుమిణుకుమంటూ రజను కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయి. రాగి రంగు మెరిస్తే బేరింగ్ పై పొర పోయి అడుగు పొర తేలిందని అర్థం. చాంబర్‌కు సొట్ట ఉందేమో కింద చెయ్యి పెట్టి తడమండి. ఫోర్క్‌లిఫ్ట్ తగిలి చాంబర్ లోపలికి నొక్కుకుపోతే ఆయిల్ లాగే గొట్టం మూసుకుపోతుంది.

ఫోన్‌కు తగిలించే బోర్ కెమెరాలు ఇప్పుడు చవగ్గా దొరుకుతున్నాయి. ప్లగ్గు రంధ్రంలోంచి దింపితే సిలిండర్ గోడ కనిపిస్తుంది. హోనింగ్ (సిలిండర్ గోడను రాయితో సానపట్టడం) చేసినప్పటి అడ్డదిడ్డపు గీతలు ఇంకా ఉంటే సంతోషించండి. నిలువు గీతలు, తుప్పు చారలు ఉంటే బేరం ఆపేయండి.

కంప్రెషన్ ఎంత ఉండాలి?

మామూలు పెట్రోలు ఇంజన్‌కు ఒక్కో సిలిండర్‌కు 150 నుంచి 200 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మధ్య ఉంటే మంచిది. ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన అంకె దొరికితే దాన్నే నమ్మండి. అంతకన్నా ముఖ్యం సిలిండర్ల మధ్య తేడా. పది శాతం దాటకూడదు. నాలుగూ 155 ఉన్న ఇంజన్, మూడు 180, ఒకటి 120 ఉన్న ఇంజన్ కన్నా చాలా మేలు.

175, 170, 172, 120 అని వచ్చాయనుకోండి. ఆ నాలుగో సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయి. కదలకపోతే వాల్వు కూర్చోవడం లేదు, లేదా హెడ్డు గ్యాస్కెట్ పోయింది. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే ఆ రెంటి మధ్య గ్యాస్కెట్ కాలిందేమో చూడాలి.

పరీక్ష చేసేటప్పుడు ప్లగ్గులన్నీ తీయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచాలి, బ్యాటరీ ఫుల్ ఛార్జింగ్‌లో ఉండాలి. నేల మీదున్న చల్లటి ఇంజన్‌కు అంకె కాస్త తక్కువే వస్తుంది. చాలా ఇంజన్లకు సెల్ఫ్ మోటార్ గేర్‌బాక్సు హౌసింగ్‌కే బిగుస్తుంది. గేర్‌బాక్సు లేకుండా వచ్చిన ఇంజన్‌కు సెల్ఫ్ కొట్టడం కుదరదు. అప్పుడు లీక్‌డౌన్ పరీక్ష చేయించండి. కంప్రెసర్ గాలిని సిలిండర్‌లోకి ఎక్కించి ఎంత కారిపోతోందో చూస్తారు. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు, ఇన్‌టేక్‌లో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ వైపు వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. కూలెంట్ దారిలో బుడగలొస్తే హెడ్డు పని.

స్టార్ట్ చేసిన వీడియో పంపాడు. చాలదా?

చాలదు. ఆ వీడియోలో ఉన్నది మీకొచ్చే ఇంజనే అని ఎలా చెబుతారు? నంబరు మీద కెమెరా మొదలై, కట్ కాకుండా స్టార్ట్ అయ్యేదాకా ఉంటే కొంత నయం. చల్లగా ఉన్నప్పుడు మొదటి స్టార్ట్ కావాలని అడగండి. ఆయిల్ మూత తీస్తే బ్యాక్ కంప్రెషన్ (లోపలి నుంచి గాలి, పొగ పైకి తన్నడం) ఎలా కొడుతోందో కూడా చూపించమనండి.

వరదలో మునిగిన బండి ఇంజన్ అంటగడతారేమో?

ఈ భయం సరైనదే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మన వైపు చూశాం. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వరదకు కార్లు ఎలా మునిగాయో అందరూ చూశారు. అలాంటి బండ్ల ఇంజన్ 'ఇంపోర్టెడ్' స్టిక్కరుతో రాకూడదని రూలేమీ లేదు.

నీళ్లు పోయినా ఒండ్రు పోదు. డైనమో లోపల, ఇన్‌టేక్ కింది మడతల్లో, వైరింగ్ టేపు కింద, కనెక్టర్ల మూలల్లో సన్నటి మట్టి పొర కనిపిస్తుంది. ఒక కనెక్టర్ ఊడదీసి పిన్నులు చూడండి, పచ్చటి చిలుము ఉందేమో. నీళ్లు పీల్చిన ఇంజన్‌ను సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగొచ్చు. అలా వంగిన సిలిండర్‌కు మిగతావాటికన్నా కంప్రెషన్ తక్కువ రావచ్చు. ఓడలో వచ్చిన నిఖార్సైన ఇంజన్‌కైనా ఉప్పు గాలి తగులుతుంది. అల్యూమినియం మీద తెల్లటి బూజులాంటిది పైపైన ఉంటే ఫర్వాలేదు. ఇన్‌టేక్ రంధ్రాలు మూయకుండా పంపి లోపల తుప్పు పట్టిందే ప్రమాదం.

ఈసీయూ, వైరింగ్ కూడా తీసుకోవాలా?

తీసుకోవాలి. ఇంజన్ తీసేటప్పుడు వైరింగ్‌ను కట్టర్‌తో తెగ్గొట్టిన ముక్కలతో మాకు పడే తలనొప్పి చెప్పలేం. ఈసీయూ, దాని పార్ట్ నంబరు, పూర్తి వైరింగ్, ఎంఏఎఫ్ లేదా మ్యాప్ సెన్సర్ (లోపలికి వచ్చే గాలిని కొలిచేది), థ్రాటిల్ బాడీ ఒకే బండివి కావాలి. ఇమ్మొబిలైజర్ (సొంత తాళంచెవి లేకపోతే ఇంజన్‌ను నడవనివ్వని ఏర్పాటు) ఉన్న బండి ఇంజనైతే దాని తాళంచెవి, తాళం చుట్టూ ఉండే రింగు కూడా కావాలి. లేకపోతే స్టార్టయి వెంటనే ఆగిపోతుంది. పెడల్‌కు కేబుల్ లేకుండా ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉంటే ఆ పెడల్ కూడా. ఆటోమేటిక్ బండి ఇంజన్‌ను మాన్యువల్‌కు వేస్తే ఈసీయూ గేర్‌బాక్సును వెతుక్కుంటుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతూనే ఉంటుంది.

ఒక సుఖం ఏంటంటే, జపాన్ కూడా మనలాగే కుడివైపు స్టీరింగ్ దేశం. ఎడమవైపు స్టీరింగ్ ఉండే గల్ఫ్ నుంచి వచ్చిన ఇంజన్లకైతే స్టీరింగ్ రాడ్డుకు మానిఫోల్డ్ తగలడం లాంటి చిక్కులు రావచ్చు.

ఎక్కడ కొనాలి?

దగ్గరంటే విశాఖ గాజువాక ఆటోనగర్, కొంచెం దూరమంటే విజయవాడ ఆటోనగర్. రకాలు ఎక్కువ కావాలంటే చెన్నై పుదుపేట, ముంబై కుర్లా, ఢిల్లీ మాయాపురి. మా సలహా మాత్రం విశాఖ, విజయవాడ దాటొద్దనే. ధర కాస్త ఎక్కువైనా, తేడా వస్తే పొద్దున బస్సెక్కి వెళ్లి మాట్లాడి సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు.

నరసన్నపేట వైపు నుంచి ఒకాయన ఫొటోలు చూసి ఉత్తరాది నుంచి ఇంజన్ తెప్పించుకున్నారు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో దించేసరికి ఇన్‌టేక్ పగిలింది, డైనమో లేదు. అమ్మినవాడు లారీవాళ్ల మీద, లారీవాళ్లు ప్యాకింగ్ మీద నెట్టేశారు. దూరం నుంచి తెప్పించక తప్పదంటే చెక్క ప్యాలెట్‌కు బోల్టులతో బిగించి పంపమనండి. సామాను జాబితా రాసి, లారీ ఎక్కించే ముందు అన్ని వైపులా ఫొటోలు తీయించండి. దించుకునేటప్పుడు సంతకం పెట్టే ముందే ఆ జాబితాతో సరిచూసుకోండి.

గ్యారంటీ ఇస్తామంటున్నారు. నమ్మొచ్చా?

సాధారణంగా ఇచ్చేది స్టార్టింగ్ గ్యారంటీ, లేదా నెల రోజులది. నెల ఎప్పటి నుంచి అని అడగండి. బిల్లు తేదీ నుంచంటే, మీ వైరింగ్ పూర్తయ్యేలోపే అయిపోతుంది. ఇంజన్ పనికిరాదని తేలితే డబ్బు తిరిగిస్తారా, వేరే ఇంజన్ ఇస్తారా, రానుపోను లారీ ఖర్చు ఎవరిది అన్నవి బిల్లు వెనక రాయించుకోండి. దింపిన కూలీ, ఎక్కించిన కూలీ ఏ గ్యారంటీలోనూ రావు.

బండికి ఎక్కించే ముందు ఏమేం మార్చాలి?

టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు. ఇంజన్ నేల మీద ఉన్నప్పుడు ఇది అరపూట పని, బండిలో ఉన్నప్పుడు రోజంతా పని. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోయే ఇంజన్లు చాలా ఉన్నాయి. క్రాంకు ముందు, వెనక సీళ్లు, థర్మోస్టాట్, ప్లగ్గులు, ఫిల్టర్లు, మౌంటింగులు, క్లచ్ ప్లేటు కూడా మార్చేయండి. వెనక సీలు వంద రూపాయల వస్తువే కావచ్చు, అది కారితే మళ్లీ గేర్‌బాక్సు దింపాలి.

ఇప్పటి పెట్రోలుకు పాత జపాన్ ఇంజన్ తట్టుకుంటుందా?

బంకుల్లో ఇప్పుడు ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. 90ల నాటి ఇంజన్ రబ్బరు పైపులు, సీళ్లు, ఓ-రింగులు దానికోసం చేసినవి కావు. మెత్తబడి ఉబ్బి కారడం మొదలెడతాయి. ఎక్కించేటప్పుడే ఇథనాల్‌కు పనికొచ్చే పైపులు, ఇంజెక్టర్ సీళ్లు వేయించండి. బండి నెలలకొద్దీ ఇంట్లో పెట్టేవాళ్లు ట్యాంకులో చెమ్మ చేరకుండా చూసుకోవాలి. టర్బో ఇంజన్లు కొన్ని జపాన్‌లో హై ఆక్టేన్ పెట్రోలు కోసమే చేశారు. వాటికి మామూలు పెట్రోలు పోస్తే ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని నాకింగ్ వస్తుంది.

డీజిల్ ఇంజన్‌కూ ఇవే జాగ్రత్తలా?

ఇవే. కంప్రెషన్ మాత్రం 350 నుంచి 450 పీఎస్ఐ దాకా ఉండాలి, గేజీ కూడా వేరు. పంపు, ఇంజెక్టర్లు విడిగా టెస్ట్ బెంచి మీద చూపించండి. కామన్ రైల్ ఇంజెక్టర్లు పోతే వాటి ఖర్చు ఇంజన్ ఖర్చుతో పోటీపడుతుంది.

మొత్తం ఎంత అవుతుంది?

ఒక అంకె చెప్పి మిమ్మల్ని మోసం చేయలేం. మా లెక్క ఒకటే: ఇంజన్‌కు ఎంత పెడుతున్నారో, ఇంచుమించు అంతే డబ్బు విడిగా చేతిలో ఉంటేనే మొదలుపెట్టండి. లారీ ఛార్జీ, బెల్టు సామాను, కూలెంట్, ఆయిల్, వైరింగ్ కూలీ, మౌంటింగులకు వెల్డింగ్, సైలెన్సర్ పని, ఆఫీసు ఫీజులు అన్నీ అందులోకే. సగంలో డబ్బు అయిపోయి షెడ్డు మూలన దుప్పటి కప్పుకుని ఉన్న బండ్లు ఏ ఊళ్లో అయినా కనిపిస్తాయి.

ఎక్కించాక మొదటిసారి ఎలా స్టార్ట్ చేయాలి? ఎలా పరీక్షించాలి?

పెట్రోలు పంపు ఫ్యూజు తీసి సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా అలాగే విడతలు విడతలుగా. అప్పుడు ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేయండి. కూలెంట్‌లో గాలి పూర్తిగా పోయేదాకా మూత తెరిచే ఉంచి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేవరకు చూడండి. 500 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మార్చండి. తీసిన ఫిల్టర్‌ను కోసి మడతలు విప్పి చూస్తే లోపలి సంగతి తెలుస్తుంది.

ఊళ్లో తిరగడం పరీక్ష కాదు. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కించండి. ఏసీ వేసి, నలుగురు మనుషులతో, మధ్యాహ్నం పూట. టెంపరేచర్ ముల్లు మధ్యలో నిలబడితే కూలింగ్ బాగున్నట్టు. దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగ్‌లో వచ్చి, కింద మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే వెనక నీలం పొగ లేస్తే వాల్వు సీళ్లు చూడాలి.

ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలా?

చెప్పాలి. పాలసీలో పాత ఇంజన్ నంబరే ఉంటుంది. ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కగానే ఆ కాపీ ఇచ్చి పాలసీలో మార్పు చేయించుకోండి.

తీసిన పాత ఇంజన్ ఏం చేయాలి?

ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కేదాకా అమ్మకండి. తనిఖీ రోజున పాతది ఎక్కడుందని అడిగితే చూపించొచ్చు. ఈలోగా డైనమో, సెల్ఫ్, ఏసీ కంప్రెసర్, సెన్సర్లు విప్పి విడిగా దాచుకోండి. కొత్తదాంట్లో ఏదైనా పోతే అవే ఆదుకుంటాయి. మిగిలిన బ్లాకును తుక్కుకు వేసేటప్పుడు నంబరు రాసి రసీదు తీసుకోండి. ఆ నంబరు ఇంకా మీ పేరు మీదే తిరిగినట్టు ఉంటుంది, రేపు దాన్ని మరో బండికి ఎవరు బిగించినా ముందు పిలుపు మీకే వస్తుంది.